ఔట్‌బోర్డు మోటారులో పెట్రోలు అయిపోవడం

ఆంధ్ర తీరంలో ఫైబరు పడవలకు బిగించే ఔట్‌బోర్డు మోటార్లలో రెండు స్ట్రోకులవీ ఉన్నాయి. పాత రకాల్లో సాధారణంగా 50 పాళ్ల పెట్రోలుకు 1 పాలు ఆయిల్ ముందే కలుపుతారు. పెట్రోలు అయిపోతే బేరింగులకు నూనె కూడా అందదు. ఆయిల్ ఇంజెక్షన్ రకంలో ఆయిల్‌కు వేరే ట్యాంకు ఉంటుంది. క్రాంక్‌షాఫ్టుతో తిరిగే పంపు ఉన్నచోట ఇంజను ఆగేదాకా నూనె అందుతుంది.

పెట్రోలు అందడం తగ్గగానే గాలి-పెట్రోలు మిశ్రమం పలచబడుతుంది. ఇంజను ఒక్కసారి వేగం పుంజుకుని, తడబడి ఆగుతుంది. పూర్తి వేగంలో ఇలాగే ఎక్కువసేపు నడిస్తే పిస్టను వేడెక్కి దెబ్బతింటుంది.

తిరిగి నడపాలంటే ట్యాంకు నింపి, మూత మీది గాలి రంధ్రపు మర తిప్పి తెరిచి, గొట్టంలోని రబ్బరు బల్బును గట్టిపడేదాకా నొక్కాలి. ఇలా మధ్యలో ఆగకుండా ఉండాలంటే పెట్రోలులో వెళ్లడానికి మూడో వంతు, రావడానికి మూడో వంతు, మిగిలింది అత్యవసరానికి ఉంచుకోవాలి.