చీకటిలో వేటాడే వాలుగ

హైదరాబాదుకు ఉత్తరాన కౌకూర్ దాటి మేడ్చల్, శామీర్‌పేటల వైపు పోతే రాతినేల, ఎర్రమట్టి, వాటి నడుమ చెరువులు కనిపిస్తాయి. ఇటువంటి మెట్టనేలలో వాననీటిని నిలుపుకొనడానికి మన పూర్వులు కట్టలు కట్టి చెరువులు ఏర్పరచారు. పంటకోసం కట్టిన చెరువు చేపకు కూడ ఇల్లయింది. చేపతో బాటు చేపను తినే చేప కూడ అందులో చేరింది.

తెలంగాణ చెరువులలో చేపలు పట్టి జీవించేవారిలో గంగపుత్రులు, ముదిరాజులు ముఖ్యులు. పగలు వల వేసినా, వాలుగ వంటి పెద్ద చేపకు రాత్రి గాలమే మేలని జాలరులకు అనుభవం. పొద్దుగూకిన తరువాత పొడుగాటి తాడుకు అక్కడక్కడ గాలాలు కట్టి, ఒక్కొక్క గాలానికి బ్రతికివున్న చిన్న చేపనో కప్పనో గుచ్చి నీటిలో విడుస్తారు. తెల్లవారుజామున తాడు లాగి చూస్తారు.

ఇక్కడ ఒక ప్రశ్న పుడుతుంది. కన్ను పొడుచుకున్నా కానరాని చీకటిలో, అందులోను వానకాలపు బురదనీటిలో వాలుగ తన ఆహారాన్ని ఎట్లా పసిగడుతుంది? దాని ఫలితం జాలరికి ఎన్నడో తెలుసు. కారణం తెలియటానికి శాస్త్రానికి చాలకాలం పట్టింది.

చేపల వేటను గురించి వ్రాయటం మన దేశంలో కొత్త కాదు. 12వ శతాబ్దిలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు రచించిన ‘మానసోల్లాసం’లో మత్స్యవినోదమనే భాగం ఉన్నది. తెలంగాణను ఏలిన తొలి కాకతీయులు ఆ చాళుక్యుల సామంతులే. ఏ చేపకు ఏ ఎర వేయాలో, గాలం ఎట్లా ఉండాలో అందులో వివరించారు. భారతీయ మత్స్యశాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా 1951లో ఈ భాగాన్ని నేటి శాస్త్రదృష్టితో పరిశీలించి ప్రకటించాడు.

వాలుగ ప్రపంచశాస్త్రంలోకి తెలుగుపేరుతోనే ప్రవేశించింది. ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్నంలో పనిచేసిన వైద్యుడు పాట్రిక్ రస్సెల్ అక్కడ సేకరించిన రెండువందల చేపల బొమ్మలను, వర్ణనలను 1803లో గ్రంథంగా ప్రకటించాడు. స్థానికులు చెప్పిన పేర్లను కూడ అందులో వ్రాసుకున్నాడు. 1851లో బ్లీకర్ అనే డచ్చి శాస్త్రజ్ఞుడు ఈ చేప ప్రజాతికి ‘వాలగో’ అని పేరుపెట్టాడు. మన వాలుగ నేటికీ శాస్త్రజ్ఞులకు ‘వాలగో అట్టూ’యే.

దీని దేహనిర్మాణం చూస్తే రాత్రివేటకే పుట్టిందా అనిపిస్తుంది. పొలుసులు లేని నునుపైన దేహం, కన్ను దాటి వెనుకకు చీలిన నోరు, లోపల వరుసలుగా సన్నని పళ్లు, రెండు జతల మీసాలు. పై మీసాలు మరీ పొడుగు. ఇది మీటరుకు మించి పెరుగుతుంది. ఇంగ్లీషు వేటగాళ్లు దీనిని ‘మంచినీటి సొర’ అన్నారు. ‘వాలుగంటి’ అనే మాటలో ఈ చేప పేరును చూచేవారున్నారు గాని, దేహంతో పోలిస్తే వాలుగ కన్ను చిన్నది. పగలు గట్టుకింది బొరియలలో దాగి, చీకటి పడిన తరువాత బయలుదేరుతుంది.

ఇక కారణం మాట. చాలా చేపలకు తలనుండి తోకవరకు ఇరుప్రక్కల సన్నని గీత ఒకటి ఉంటుంది. దీనిని పార్శ్వరేఖ అంటారు. 17వ శతాబ్ది శాస్త్రజ్ఞులు దీనిని జిగురు స్రవించే కాలువ అనుకున్నారు. 1850లో జర్మనీవాడైన లైడిగ్ ఇందులో జ్ఞానాంగాలున్నవని కనుగొన్నాడు. అవి నీటి కదలికను గ్రహిస్తాయని 1870లో షుల్జే సూచించాడు. 1930ల తరువాత డైక్‌గ్రాఫ్ చేసిన ప్రయోగాలతో ఆ సంగతి స్థిరపడింది. తాకకుండానే దూరాన ఉన్నదానిని తాకి చూచినట్లు తెలుసుకునే ఇంద్రియం ఇది.

అయితే పెద్ద చేప దీనితో వేటాడగలదా? 2001లో రెండు పరిశోధనలు దీనికి జవాబు చెప్పాయి. మొదటిది అమెరికా చెరువులలో, నదులలో ఉండే మస్కెలంజ్ అనే చేపపై జరిగింది. ‘మస్కీ’ అనే ముద్దుపేరుతో అక్కడి గాలపువేటగాళ్లు దీనికోసం రాత్రులు కూడ పడవలలో గడుపుతారు. మామూలుగా ఇది కంటితో చూచి మెల్లగా దగ్గరకు జరిగి, ఒక్క ఉదుటున దూకుతుంది. చూపు లేకుండా చేసిన మస్కీలు వెంటాడటం మానివేసినా, ఎర తమకు బాగా దగ్గరగా వచ్చినప్పుడు పార్శ్వరేఖ సాయంతో దానిపై దూకగలిగాయి.

రెండవ పరిశోధన ఐరోపా వాలుగపై జరిగింది. అది మన వాలుగ కుటుంబంలోనిదే. కటికచీకటిలో గప్పీ అనే చిన్న చేపలను దానితో విడిచి, పరారుణ కిరణాలతో చిత్రాలు తీశారు. ఈదే చేప వెనుక నీటిలో సుడులు కొంతసేపు నిలిచివుంటాయి. వాలుగ ఆ జాడ పట్టుకొని, ఎర పోయిన వంకర దారినే పోయి దానిని పట్టింది. పది సెకండ్లనాటి జాడను కూడ అది పోల్చుకొన్నది. పార్శ్వరేఖను పనిచేయకుండా చేస్తే వేట బాగా దెబ్బతింటుందని 2004లో తేలింది. మన వాలుగపై జరిగిన ప్రయోగాలు కాకపోయినా, బ్రతికిన ఎర గాలంపై కొట్టుకుంటూ చీకటిలో ఎట్లా పిలుపు పంపుతుందో వీటివల్ల ఊహించవచ్చును.

చీకటిని జయించిన ఈ చేపకు మనిషి నుండి మాత్రం ఆపద వచ్చింది. బాంబులతో, విషంతో చేపలు చంపటాన్ని 1897లోనే చట్టం నిషేధించింది. రోహు, బొచ్చె పిల్లలు పెంచే చెరువులలో వాలుగను, కొర్రమట్టను శత్రువులుగా ఎంచి, ఇప్పచెక్క వేసి నిర్మూలించటం పెంపకందారుల పద్ధతి అయింది. పిల్లచేపను కాపాడాలంటే అది అవసరమే కావచ్చును. కొర్రమట్టను తెలంగాణ ప్రభుత్వం 2016లో రాష్ట్రచేపగా ప్రకటించింది. దానిని పెంచేవారు కూడ ఉన్నారు. వాలుగకు అటువంటి ఆదరణ తక్కువ. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం దీనిని ఆపదకు లోనుకాగల జాతులలో చేర్చింది.

పెంపకపు కుంటలో వాలుగకు చోటు లేకపోవచ్చును. కాని ఊరుమ్మడి పెద్దచెరువుల్లోను, వాగుల్లోను, నదుల్లోను దానికి చోటుండాలి. గుడ్లు పెట్టే వానకాలంలో దానిని విడిచిపెట్టటం, నీటిలోకి విషం రాకుండా చూడటం మన చేతిలోని పనులు. రాత్రి గాలం వేసిన జాలరి నుండి శాస్త్రం నేర్చుకొనవలసినది ఇంకా ఉన్నది. వాలుగ చెరువులో ఉన్నంతవరకే ఆ పాఠం సాగుతుంది.