రక్తం బిళ్లల పూర్వకథ

మా సబ్‌సెంటర్‌లో నేనిచ్చే ఐరన్ ఫోలిక్ బిళ్లల్ని ఊళ్లో అందరూ రక్తం బిళ్లలనే అనేవారు. వాటిని మింగించడం మాత్రం తలప్రాణం తోకకొచ్చే పని. ‘విరేచనం నల్లగా అవుతోంది నర్సమ్మా, బిడ్డ కూడా నల్లగా పుడుతుందట’ అని గూట్లో పడేసేవాళ్లు. ఒంటికి పట్టని ఇనుము నల్లగా బయటికి పోతుంది, అంతే. బిడ్డ రంగుకీ దానికీ సంబంధం లేదు. ఇనుము సంగతి ఎలాగూ అందరికీ తెలిసిందే. అందులోని రెండో సరుకు, ఫోలిక్ యాసిడ్ కథ మొదలైంది బొంబాయి మిల్లు ఆడవాళ్ల దగ్గర.

1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ అక్కడికొచ్చారు. బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులు పాలిపోయి, ఆయాసపడుతూ, కొందరు కాన్పు దాకా వెళ్లకుండానే పోతున్నారు. వాళ్ల రక్తంలో ఎర్రకణాలు తక్కువ. ఉన్నవేమో మామూలుకన్నా పెద్దవి. ఇనుము చాలకపోతే కణం చిన్నదవుతుంది కాబట్టి ఇది వేరే లోటు. ఆవిడ క్రిముల కోసమూ వెతికారు, ఎవరేం తింటున్నారో కూడా ఆరా తీశారు. తిండి మరీ అధ్వాన్నంగా ఉన్న పేద ముస్లిం స్త్రీలలోనే జబ్బు ఎక్కువని తేలింది. ఆవిడకి నేను దణ్ణం పెట్టేది ఇక్కడే. ఏం తింటున్నావని అడిగే డాక్టర్లు ఇప్పటికీ తక్కువే.

కూనూరులో ఎలుకల మీద ప్రయోగాలు చేస్తే, వాటికి పట్టిన పేల వల్ల వచ్చిన మరో జబ్బు లెక్కలన్నీ తారుమారు చేసింది. తర్వాత కోతులకు మిల్లు ఆడవాళ్ల తిండే పెట్టారు. రక్తం క్షీణించింది. మార్మైట్ ఇస్తే కోలుకుంది. మార్మైట్ అంటే బీరు తయారీలో మిగిలే ఈస్ట్‌తో చేసే ఉప్పటి పదార్థం, చూడ్డానికి చింతపండు గుజ్జులా ఉంటుంది. ధర తక్కువ. గర్భిణులకూ అది పనిచేసిందని 1931లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. గుణం ఇచ్చే పదార్థం ఏదో తెలియక దాన్ని విల్స్ ఫ్యాక్టర్ అన్నారు. అదే ఫోలిక్ యాసిడ్ అని తర్వాత తేలింది.

1941లో అమెరికాలో టన్నులకొద్దీ పాలకూర నుంచి కాస్తంత ఫోలిక్ యాసిడ్ తీశారు. 1945లో లెడర్లీ ప్రయోగశాలలో దాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన సోదరుణ్ణి పొట్టనబెట్టుకున్నది స్ప్రూ. తనూ దానితో మంచం పట్టి లేచారు. ఆ జబ్బులో పేగులు ఫోలిక్ యాసిడ్‌ను సరిగా పీల్చుకోలేవు. 1948లో, యాభై మూడేళ్లకే పోయారు.

బిడ్డ వెన్నుపాము లోపాలనూ ఫోలిక్ యాసిడ్ చాలావరకు ఆపుతుందని బ్రిటన్ వైద్య పరిశోధన మండలి 1991లో తేల్చింది. ఒకసారి అలాంటి బిడ్డ పుట్టిన తల్లులకు ముందునుంచే ఇస్తే, మళ్లీ అలా కావడం 72 శాతం తగ్గింది. చిక్కేమిటంటే, వెన్నుపాము రూపుకట్టడం కడుపు పండిన నాలుగు వారాల్లోనే అయిపోతుంది. మా దగ్గర పేరు రాయించుకోవడానికి వచ్చేసరికి మూడో నెల. రక్తానికి అప్పుడైనా మేలే, వెన్నుకి మాత్రం గడువు దాటినట్టే. అందుకని టీకాల రోజున వదినకో అక్కకో తోడొచ్చిన కొత్త పెళ్లికూతుళ్లతో, బిడ్డ కావాలనుకున్నప్పుడే వచ్చి ఓ షీటు పట్టుకెళ్లమని చెప్పేదాన్ని. నవ్వేవాళ్లు. కొందరు వచ్చారు కూడా.