తీగల బంతి తిరిగిన మలుపు: గోల్ఫ్ గ్రీన్ల ఒంపుల కథ

ఈ వారం టాపిక్ చూసి "ఏంటన్నా, జగ్గయ్యపేట వాడివి, గోల్ఫ్ గురించి నువ్వు చెప్పడమేంటి" అంటారని నాకు తెలుసు. నిజమే. జగ్గయ్యపేటలో గోల్ఫ్ కోర్సు లేదు, నందిగామలోనూ లేదు. నేను గోల్ఫ్ కర్ర పట్టుకుంది జీవితంలో ఒకే ఒక్కసారి, అదీ ఆఫీసు టీమ్ అవుటింగ్‌లో. మూడుసార్లు ఊపితే మూడుసార్లూ గాలికే తగిలింది. అయినా ఈ ఎపిసోడ్ చేస్తన్నానంటే ఒక క్లిప్ వల్ల.

2023 ఏప్రిల్ 9, ఆదివారం. అమెరికాలో జార్జియా రాష్ట్రం, అగస్టా ఊరు, మాస్టర్స్ టోర్నమెంటు చివరి రోజు. మనకి అప్పటికే సోమవారం వచ్చేసింది గానీ ఇంకా తెల్లారలేదు. నేనప్పుడు హైదరాబాద్‌లో నైట్ షిఫ్ట్‌లో ఉన్నా, సర్వర్ లాగ్స్ చూసుకుంటా కూర్చున్నా. ఫ్రెండ్ ఒకడు "ఒరే, మనోడు రా" అని లింక్ పంపాడు. మనోడంటే సాహిత్ తీగల. 1997లో కాలిఫోర్నియాలో పుట్టాడు. అమ్మానాన్న హైదరాబాద్ నుంచి వెళ్లిన తెలుగువాళ్లు. అతనికి అది మొదటి మాస్టర్స్.

పదహారో హోల్. కొట్టిన బంతి గ్రీన్ దాటి, ఎడమ పక్కన వెనక్కి పడింది. జెండా అక్కడికి దగ్గర్లోనే ఉంది. మనమైతే ఏం చేస్తాం? జెండా వైపు కొడతాం. అతను అలా కొట్టలేదు. జెండాకి బాగా పక్కగా, ఎత్తు వైపుకి కొట్టాడు. బంతి ఎక్కింది, ఎక్కి ఎక్కి నెమ్మదించింది. ఇక ఆగిపోతుందేమో అనుకునేలోపు పక్కకి తిరిగి కిందకి జారడం మొదలుపెట్టింది. జారతా జారతా వచ్చి గుంటలో పడింది. ఆ రోజు అతను తొమ్మిదో స్థానంలో ముగించాడు. మొదటిసారి ఆడి తొమ్మిదో స్థానమంటే చిన్న సంగతి కాదు.

ఇంచుమించు ఇదే చోటు నుంచి, ఇదే మలుపుతో 2005లో టైగర్ వుడ్స్ కొట్టింది మీలో చాలామంది రీల్స్‌లో చూసే ఉంటారు. అందులో బంతి గుంట అంచు మీద ఒక్క క్షణం ఆగి, ఆలోచించుకున్నట్టు ఆలోచించుకుని పడుతుంది. ఆ రోజు వుడ్స్ ప్లేఆఫ్‌లో క్రిస్ డిమార్కోని ఓడించి గెలిచాడు. మధ్యలో పద్దెనిమిదేళ్లు గడిచాయి, మనిషి మారాడు, మలుపు మాత్రం అదే. అంటే ఆ బంతిని తిప్పింది ఒక్క చెయ్యే కాదు, నేల కూడా. ఇవాళ్టి కథ ఆ నేల గురించే.

గోల్ఫ్ తెలియనివాళ్ల కోసం ఒక్క నిమిషం. ప్రతి హోల్ చివర బాగా పొట్టిగా కత్తిరించిన గడ్డి ఉంటది, దాన్నే గ్రీన్ అంటారు. అందులో నాలుగుంపావు అంగుళాల వెడల్పు గుంట. చిన్నప్పుడు గోళీలాడినవాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు. బడి వెనక మట్టి నేలలో గుంట తవ్వి ఆడేటప్పుడు, గెలిచేవాడు ఎప్పుడూ గురి బాగున్నవాడు కాదు. నేల ఎటు వాలిందో ముందే చూసుకున్నవాడు. మా బ్యాచ్‌లో ఒకడు ఉండేవాడు, ఆట మొదలవక ముందే నేల మీద బోర్లా పడుకుని చూసేవాడు. మేం నవ్వేవాళ్లం. గోళీలన్నీ వాడి జేబులోకే పోయేవి. ఇవాళ టీవీలో గోల్ఫర్లు మోకాళ్ల మీద కూర్చుని చూసేది కూడా అదే.

మరి ఈ ఒంపులు ఎక్కడి నుంచి వచ్చాయి? మొదట్లో ఎవరూ డిజైన్ చెయ్యలేదు. స్కాట్లాండ్‌లో సెయింట్ ఆండ్రూస్ అనే ఊరు, సముద్రం పక్కన ఇసుక దిబ్బలు, వాటి మీద గడ్డి. గాలి ఎలా మలిస్తే అలా ఉన్న నేల మీదే ఆడారు. అక్కడి ఓల్డ్ కోర్సులో పద్దెనిమిది హోల్స్‌కి గ్రీన్లు పదకొండే. ఏడు గ్రీన్లలో రెండేసి గుంటలుంటాయి, వెళ్లేవాళ్లకి ఒకటి, తిరిగొచ్చేవాళ్లకి ఒకటి. అవి ఎంత పెద్దవంటే, మీ బంతి పక్కవాళ్ల గుంట దగ్గర ఆగిందనుకోండి, మధ్యలో రెండు మూడు దిబ్బలు దాటించాలి. గ్రీన్‌లో దిబ్బని గోల్ఫ్ వాళ్లు ముద్దుగా పాతిపెట్టిన ఏనుగు అంటారు. మన జగ్గయ్యపేట ధనం బోడు చూసినవాళ్లకి బోడు అంటే ఏంటో తెలుసుగా, దాని పిల్ల అనుకోండి.

అక్కడి పద్దెనిమిదో గ్రీన్ ముందు ఒక పల్లం ఉంది, పేరు వ్యాలీ ఆఫ్ సిన్. పాపాల లోయ అన్నమాట. 1995 ఓపెన్‌లో కొస్టాంటినో రొక్కా అనే ఇటలీ ఆటగాడు ఆ లోయలోంచి అరవై అడుగులకి పైగా దూరం బంతిని దొర్లించి గుంటలో వేశాడు. వేసి అక్కడే నేల మీద పడిపోయాడు, చేతుల్తో నేలని కొట్టాడు. జాన్ డేలీతో స్కోరు సమానమైంది. ప్లేఆఫ్‌లో పాపం ఓడిపోయాడు. గెలిచినవాడి షాట్లు ఎవరికి గుర్తున్నాయో గానీ రొక్కా షాట్ మాత్రం ఇప్పటికీ చూస్తారు.

సరే, అసలు మనిషి దగ్గరికి వద్దాం. ఆలిస్టర్ మెకెంజీ. 1870లో ఇంగ్లండ్‌లో పుట్టాడు, చదివింది డాక్టరు చదువు. దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధానికి సర్జన్‌గా వెళ్లాడు. బోయర్లు కందకాలని నేలలో కలిసిపోయేలా ఎలా దాచారో అక్కడ చూశాడు. చేత్తో కట్టినదాన్ని సహజంగా పుట్టినట్టు చూపించే ఆ విద్యని తర్వాత గోల్ఫ్ కోర్సుల్లో దించాడు. డాక్టరు పని వదిలేశాడు. బీటెక్ చేసి కెమెరా ముందు కూర్చున్న నాకు ఈయన మీద కొంచెం ఎక్కువ అభిమానం ఉంటే తప్పు పట్టకండి.

ఇంగ్లండ్‌లో సిట్‌వెల్ పార్క్ అనే క్లబ్బుకి ఆయన చేసిన ఒక గ్రీన్ ఫోటో ఇంటర్నెట్‌లో దొరుకుద్ది, చూడండి. గడ్డి పరిచిన అలల్లా ఉంటది. సభ్యులు గోల పెట్టారు. ఆ గ్రీన్ ఇప్పుడు లేదు, ఫోటోనే మిగిలింది.

మెకెంజీ వాదన ఏంటంటే, ఒంపు అనేది బలవంతుడికి అడ్డం, ఆలోచించేవాడికి దారి. గాల్లో నూట డెబ్భై గజాలు కొట్టి కచ్చితంగా ఆపలేనివాడు కూడా, నేల వాలుని వాడుకుని బంతిని జెండా దగ్గరికి చేర్చగలగాలి. కండ తక్కువైనా బుర్ర ఉంటే ఆటలో ఉండొచ్చు. నాకు ఇది చాలా న్యాయంగా అనిపిస్తది. అందరికీ అనిపించదు. మంచి షాట్ కొట్టినా నేల పక్కకి తోసేస్తే అది అన్యాయం కాదా అని అడిగేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

అగస్టా కోర్సుని మెకెంజీ, బాబీ జోన్స్ కలిసి గీశారు. అమెరికాలో ఆర్థిక మాంద్యం రోజులు. క్లబ్బు దగ్గర డబ్బుల్లేవు. పది వేల డాలర్లు అనుకున్న మెకెంజీ ఫీజు ఐదు వేలకి దిగింది, చేతికొచ్చింది రెండు వేలు. డబ్బు పంపండి బాబూ అని ఉత్తరాలు రాశాడు. 1934 జనవరిలో కాలిఫోర్నియాలో చనిపోయాడు. మొదటి టోర్నమెంటు అదే ఏడాది మార్చిలో జరిగింది. గడ్డి మొలిచి పూర్తయిన అగస్టాని ఆయన చూడనే లేదు. ఫ్రీలాన్స్ బిల్లు పంపి ఎదురు చూసే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ బాధ అగస్టా లాంటి గోల్ఫ్ కోర్సులోనూ ఉంది.

ఇక్కడొక మాట నిజాయితీగా చెప్పాలి. తీగల బంతి తిరిగిన ఆ పదహారో గ్రీన్ మెకెంజీ చేసింది కాదు. ఆయన కాలంలో అది చిన్న వాగు దాటించే పొట్టి హోల్. 1947లో రాబర్ట్ ట్రెంట్ జోన్స్ దాన్ని మార్చి, చెరువు పెట్టి, కొత్త గ్రీన్ కట్టాడు. కుడి పక్క ఎత్తు, ఎడమ పక్క పల్లం. ఆదివారం జెండా సాధారణంగా ఆ పల్లంలోనే పెడతారు. అందుకే కుడి వైపు పడిన బంతులు దొర్లుకుంటా వచ్చి గుంట చుట్టూ చేరతాయి. 2016లో ఒక్క ఆదివారం నాడే ఆ హోల్‌లో ముగ్గురు ఒకే దెబ్బకి గుంటలో వేశారు. అందులో ఊస్ట్‌హైజన్ బంతి అయితే ఇంకొకళ్ల బంతిని గుద్దుకుని మరీ పడింది, అచ్చం గోళీయే.

ఇప్పుడు గడ్డి సంగతి. ఈ ఎపిసోడ్‌లో నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

అగస్టా గ్రీన్ల మీద మొదట్లో ఉన్నది బెర్ముడా గ్రాస్. పేరు చూసి ఏదో ద్వీపం నుంచి వచ్చిందనుకోకండి. అది మన గరిక. వినాయక చవితికి మనం కోసుకొచ్చే గరిక, మెట్ట చేలల్లో రైతు పీకి పీకి విసిగిపోయే గరిక. ఆ జాతినే దక్షిణాఫ్రికా బంధువుతో సంకరం చేసి, గ్రీన్ల కోసం 1956లో టిఫ్‌గ్రీన్ అనే రకం విడుదల చేసింది గ్లెన్ బర్టన్ అనే శాస్త్రవేత్త, అదే జార్జియా రాష్ట్రంలోని టిఫ్టన్‌లో. ఈ బర్టనే సజ్జ మీద కూడా పనిచేశాడు. ఆయన తయారుచేసిన టిఫ్ట్ 23ఎ అనే సజ్జ రకం మన దేశానికి వస్తే, దాంతోనే 1965లో హెచ్‌బీ-1 అనే మొదటి సంకర సజ్జ పుట్టింది. అమెరికాలో డబ్బున్నోళ్ల ఆటకి గడ్డి, ఇక్కడ మెట్ట పొలానికి సజ్జ, రెండూ ఒకే మనిషి చేతిలోంచి. మా నాన్నకి చెబితే "అయితే గరికని చంపే మందు కూడా ఆయన్నే అడగాల్సింది" అన్నాడు.

1980లో అగస్టా వాళ్లు గ్రీన్ల మీద బెర్ముడా తీసేసి బెంట్ గ్రాస్ వేశారు. అది చలి గడ్డి, సన్నగా, ఇంకా పొట్టిగా కత్తిరించొచ్చు. దాంతో 1981 మాస్టర్స్ నుంచి బంతి అద్దం మీద జారినట్టు జారడం మొదలైంది. ఎండాకాలంలో ఆ క్లబ్బు మూసే ఉంటుంది. ఏడాదికి అన్ని నెలలు మూసుకుని కూర్చోగల స్తోమత ఎంతమందికి ఉంటుంది చెప్పండి.

అసలు గొడవ ఈ స్పీడ్ దగ్గరే. 1935లో ఎడ్వర్డ్ స్టింప్సన్ అనే ఆయన ఓక్‌మాంట్ కోర్సులో యూఎస్ ఓపెన్ చూడ్డానికి వెళ్లాడు. జీన్ సారజెన్ లాంటి పెద్ద ఆటగాడు మెల్లగా కొట్టిన బంతి గ్రీన్ దాటి బయటికి పోయింది. ఈ గ్రీన్ మరీ స్పీడుగా ఉందని నిరూపించడమెలా అని ఆలోచించి, ఆయన ఒక చెక్క సాధనం చేశాడు. తర్వాత అమెరికా గోల్ఫ్ సంఘం దాన్ని అల్యూమినియంతో చేయించి 1978లో అందరికీ ఇచ్చింది. స్టింప్‌మీటర్. కరెంటు వైరింగ్ పైపుని నిలువునా సగానికి కోసినట్టు ఉంటది, మూడడుగుల పొడవు. బంతిని పైన పెట్టి నెమ్మదిగా ఎత్తుతారు, అది జారి ఎన్ని అడుగులు దొర్లితే అదే స్పీడ్. అప్పట్లో అమెరికా కోర్సుల సగటు ఆరున్నర అడుగులు. ఇప్పుడు పెద్ద టోర్నమెంట్లలో పన్నెండు, పదమూడు.

సంఘం వాళ్లు దాన్ని ఇచ్చింది ఒక కోర్సులో గ్రీన్లన్నీ ఒకేలా ఉన్నాయా లేదా చూసుకోడానికి. క్లబ్బులు చేసింది వేరు. "మాది పదకొండు", "మాది పన్నెండు" అని పోటీ పడ్డాయి. ఒక నంబర్ డాష్‌బోర్డు మీదకి ఎక్కితే మేనేజర్లు ఏం చేస్తారో ఐటీలో పనిచేసినవాళ్లకి చెప్పనక్కర్లేదు. పని పక్కకి పోయి నంబరే పని అయిపోతుంది.

ఇందులో ఫిజిక్స్ సింపుల్. స్పీడ్ రెట్టింపైతే, బంతి నిలబడగలిగే వాలు దాదాపు సగానికి పడిపోతుంది. ఆరున్నర రోజుల్లో అందంగా ఆడిన ఒంపు, పదమూడులో బంతిని ఎక్కడా ఆగనివ్వదు. గుంటని రోజుకో చోట తవ్వాలి కాబట్టి చదును కావాలి. అప్పుడు రెండే దారులు: స్పీడ్ తగ్గించు, లేదా ఒంపు చెక్కెయ్యి. ఎక్కువమంది రెండోదే ఎంచుకున్నారు. వందేళ్ల గ్రీన్ల మీదకి మెషీన్లు వచ్చాయి. అగస్టాలోనూ కొన్ని వాలులు తగ్గించారు. చివరికి సెయింట్ ఆండ్రూస్ కూడా ఆగలేదు. 2015 ఓపెన్ కోసమని పదకొండో గ్రీన్ ఎడమ భాగాన్ని కొంత చదును చేశారు, చాలామంది తిట్టారు. తీరా ఆ ఓపెన్ శనివారం నాడు గాలికి అదే పదకొండో గ్రీన్ మీద బంతులు వాటంతటవే కదిలాయి, ఆట పది గంటలకి పైగా ఆగిపోయింది. గాలి మలిచిన నేలని మనిషి సరిచేస్తే, గాలి మళ్లీ వచ్చి చూసి వెళ్లిందన్నమాట.

నేల అన్యాయం చేస్తుందనే మాట మీద మన తీగల ఏమంటాడో తెలియదు గానీ, అతనికి రెండు వైపులా అనుభవం ఉంది. 2022 ఫిబ్రవరిలో ఫీనిక్స్ ఓపెన్, గెలుపు చేతికి అందేంత దగ్గర్లో ఉన్నాడు. పదిహేడో హోల్‌లో కొట్టిన మంచి షాట్ నేల తాకి ఎడమకి ఎగిరి నీళ్లలో పడింది. ఒక్క దెబ్బ తేడాతో ప్లేఆఫ్ పోయింది. ఆట అయ్యాక అమ్మానాన్నని పట్టుకుని కన్నీళ్లు పెట్టుకున్న వీడియో చూస్తే మీకూ గుండె బరువెక్కుద్ది. ఆ తర్వాత ఏడాదికి అగస్టా పదహారు. అదే ఏడాది సెప్టెంబరులో నాపాలో మొదటి పీజీఏ టూర్ టైటిల్. ఒకచోట నేల లాక్కుంది, ఇంకోచోట ఇచ్చింది. అంతా చదునుగా ఉంటే ఆ ఏడుపూ ఉండదు, ఆ అరుపూ ఉండదు.

మరి మనలాంటివాళ్లు అలాంటి నేల మీద ఎప్పటికైనా ఆడగలమా? హైదరాబాద్‌లో గోల్కొండ నయా ఖిల్లా గోడల లోపల గోల్ఫ్ కోర్సు ఉంది, కానీ ఊరికే వెళ్లి ఆడేసే చోటు కాదు. సెయింట్ ఆండ్రూస్‌లో మాత్రం ఒకటుంది. ఓల్డ్ కోర్సు పక్కనే, పేరు హిమాలయాస్. 1867లో ఆడవాళ్లు సొంతంగా పెట్టుకున్న పుటింగ్ క్లబ్బు అది. ఆడవాళ్లు కర్ర భుజం పైకెత్తి ఊపడం మర్యాద కాదన్న రోజుల్లో, సరే ఎత్తం, దొర్లిస్తాం అని మొదలుపెట్టారు. గ్రీన్ మొత్తం గుట్టలూ పల్లాలే. ఎవరైనా వెళ్లి కొన్ని పౌండ్లు కట్టి కర్ర, బంతి తీసుకుని ఆడొచ్చు, పిల్లలూ ముసలోళ్లూ అందరూ. అక్కడ స్పీడ్ నంబర్ ఎవరూ అడగరు. ఈ ఎపిసోడ్ చూసేవాళ్లలో స్కాట్లాండ్‌లో ఎంఎస్ చేస్తున్నవాళ్లుంటే ఒక ఆదివారం వెళ్లి ఆడి, బంతి ఎన్ని మెలికలు తిరిగిందో వీడియో తీసి పంపండి. ఇక్కడే వేద్దాం.