పొగగొట్టపు ఈల: తొలితరం మోటారు కార్లలో కటౌట్లు, ఎగ్జాస్ట్ విజిళ్లు

తెలుగువారికి ‘కటౌట్’ అనగానే సినిమాహాలు ముందు నిలబెట్టిన కథానాయకుని నిలువెత్తు బొమ్మ గుర్తుకు వస్తుంది. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో మోటారు కారు నడిపినవారికి ఆ మాటకు అర్థం వేరు. ఇంజను నుండి సైలెన్సరుకు పోయే గొట్టానికి మధ్యలో అమర్చిన కవాటం అది. డ్రైవరు మీటను తొక్కితే కవాటం తెరుచుకొని, పొగ సైలెన్సరులోకి పోకుండా నేరుగా బయటికి వెలువడేది. దానితోపాటు ఇంజను పేలుళ్ల చప్పుడంతా వీధిలో పడేది. అదే గొట్టానికి తగిలించిన మరో పరికరం ఎగ్జాస్ట్ విజిల్: వృథాగా పోయే పొగ ఒత్తిడితో మోగే ఈల. మోటారు వాహన చరిత్రలు ఈ రెండింటినీ అలంకార సామగ్రి జాబితాలో చేర్చి ముందుకు సాగిపోతుంటాయి. అయితే, వీధిలో నడిచే మనిషి చెవిపై కారు యజమానికి ఎంత అధికారం ఉందన్న తగాదాకు ఇవి ముఖ్యమైన సాక్ష్యాలు.

సైలెన్సరు మోటారు కారుకు దాదాపు తోబుట్టువు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రానికి చెందిన రీవ్స్ సోదరులు 1897లోనే ఇంజను చప్పుడును అణచే పరికరానికి పేటెంటు పొందారు. పొగను గదుల గుండా, చిల్లుల గొట్టాల గుండా తిప్పి, దాని వేగాన్ని విరిచి వదలడం ఇందులోని సూత్రం. ఈ తిప్పుడులో పొగకు కొంత అడ్డు తగులుతుంది, ఆ మేరకు ఇంజను బలం తగ్గుతుంది. తొలినాటి సైలెన్సర్లు మోటువి గనుక ఈ మాటలో నిజం లేకపోలేదు. ఇరవై అశ్వశక్తుల ఫోర్డ్ మోడల్ టి వంటి కారు నిట్టనిలువు ఎత్తు ఎక్కేటప్పుడు ప్రతి రవ్వా లెక్కలోకి వస్తుంది. కటౌట్‌కు మరో ఉపయోగమూ ఉంది. నాలుగు సిలిండర్లలో ఒకటి మండకపోతే, తాళం తప్పిన మృదంగంలా ఆ లోపం చెవికి వెంటనే తెలిసిపోతుంది. మెకానిక్కు దగ్గర లేని రోజుల్లో ఇది చిన్న సౌకర్యం కాదు. కానీ ఎత్తులే లేని ఊరి నడివీధిలో కూడా కటౌట్ తెరిచి నడిపినవారికి ఈ రెండు కారణాలూ వర్తించవు. అక్కడ పనిచేసింది డాబు ఒక్కటే.

విజిల్ కథ ఇంతకన్నా చిత్రమైనది. ఆనాటి కార్లకు సాధారణంగా ఉండేది రబ్బరు బుడ్డి నొక్కితే మోగే బూర. గుర్రపు డెక్కల చప్పుడులో అది వినపడడమే కష్టం. రైలింజను కూతకు అలవాటుపడిన చెవులకు అలాంటి కూతే కారుకూ ఉంటే బాగుండుననిపించడం సహజం. కారులో ఆవిరి లేదు, పొగ ఉంది. కవాటాన్ని తిప్పి ఆ పొగను ఈల గొట్టంలోకి మళ్లిస్తే చాలు. అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరవాసి క్లాడ్ ఫాస్టర్ ఇలాంటి గొట్టాలను అనేక స్వరాలతో కూర్చి ‘గాబ్రియేల్ హారన్’ను తయారు చేశాడు. బూర ఊదే దేవదూతగా క్రైస్తవులు చెప్పుకొనే గాబ్రియేల్ పేరే దానికి పెట్టాడు.

అయితే ఈ పరికరంలో పుట్టుకతోనే ఒక లోపం ఉంది. ఈలకు ఊపిరి ఇంజనే. కారు వేగంగా పోతుంటే పొగ ఒత్తిడి హెచ్చి ఈల గట్టిగా మోగుతుంది, జనం మధ్య నెమ్మదిగా కదులుతుంటే నీరసిస్తుంది. అంటే హెచ్చరిక ఎక్కడ ఎక్కువ అవసరమో అక్కడే దాని గొంతు పూడిపోతుంది. గట్టిగా మోగించాలంటే జనం మధ్యనే ఇంజనును రెచ్చగొట్టాలి. గొట్టం వేడెక్కేకొద్దీ శ్రుతి పైకి జరుగుతుంది, మసి పేరుకొనేకొద్దీ స్వరం బొంగురుపోతుంది. హెచ్చరిక సాధనంగా దీనికి పెద్ద మార్కులు వేయడం కష్టం.

దీని పరాకాష్ఠ భారతదేశపు వీధిలోనే కనిపించింది. కలకత్తాలో ఉన్న ధనికుడు రాబర్ట్ నికల్ మాథ్యూసన్ కోరికపై ఇంగ్లండులోని లోస్టాఫ్ట్‌కు చెందిన బ్రూక్ సంస్థ 1910లో హంస ఆకారంలో ఒక కారును నిర్మించింది. దాని ముక్కు నుండి వేడి ఆవిరి చిమ్మే ఏర్పాటు ఉండేది. వెనుక నుండి రోడ్డు మీద సున్నం జారవిడిచే మీట ఉండేది. అది హంస రెట్టకు అనుకరణ. పొగతో పనిచేసే ఎనిమిది స్వరాల గాబ్రియేల్ హారన్‌ను హార్మోనియం మెట్లవంటి మీటలతో వాయించవచ్చు. ఇన్ని హంగులతో అది తొలిసారి కలకత్తా వీధికెక్కినప్పుడు జనం భీతిల్లారు, పోలీసులు కలుగజేసుకొన్నారు, చివరికి ఆ నగర వీధులలో దానిని నిషేధించారు. తరువాత అది నాభా మహారాజు చేతికి వచ్చింది. నేడు ది హేగ్ నగరంలోని లౌమాన్ మ్యూజియంలో ఉంది.

హంస అంటే మందగమనమని, నలుని పక్షాన దమయంతి వద్దకు దౌత్యం నెరపిన మృదుభాషిణి అని ఎరిగిన తెలుగు పాఠకునికి ఈ హంస కొంత ఎబ్బెట్టుగా తోచడంలో వింత లేదు. కానీ దీనిని పాశ్చాత్యుని పిచ్చిగా మాత్రమే కొట్టిపారేయడం తొందరపాటు. రాజు వెడలేటప్పుడు ‘హెచ్చరిక’, ‘బహుపరాక్’ అంటూ ముందు నడిచే కేకలు మన ఆస్థాన సంప్రదాయంలోనూ ఉన్నాయి. దారి తొలగమని చెప్పడంతోపాటు వచ్చేవాడెవడో చాటడం కూడా ఆ కేకల పని. కారు ఈల ఈ రెండో పనిని కూలి లేకుండా చేసిపెట్టింది. తేడా ఒక్కటే: కేక వేసే మనిషికి ఎదుటి ముసలివాడు కనిపిస్తాడు, అతడు కేకను ఆపగలడు.

చప్పుడుపై ప్రతిఘటన కార్లతోనే మొదలుకాలేదు. న్యూయార్కులో జూలియా బార్నెట్ రైస్ మొదట పోరాడింది హడ్సన్ నదిపై లాగుడు పడవల అనవసరపు కూతల మీద. ఆమె 1906లో అనవసర శబ్ద నివారణ సంఘాన్ని స్థాపించింది. ఆసుపత్రుల చుట్టూ నిశ్శబ్ద మండలాలు ఏర్పడడంలో ఆమె కృషి గణనీయం. పడవ ఈలకు వర్తించిన వాదమే కారు ఈలకూ వర్తించింది: ప్రమాదాన్ని తప్పించే కూత వేరు, ఉనికిని చాటుకొనే కూత వేరు. ఇంతలో 1908లో ఇంజను వేగంతో నిమిత్తం లేకుండా విద్యుత్తుతో మోగే క్లాక్సన్ హారన్ వచ్చింది. దాని సృష్టికర్త మిల్లర్ రీస్ హచిసన్ అంతకుముందే చెవిటివారికి విద్యుత్ శ్రవణ యంత్రం చేసినవాడు కావడం తమాషా సంగతి. ఎగ్జాస్ట్ విజిల్‌ను అంగడి నుండి తప్పించడంలో చట్టాల కన్నా ఈ హారన్‌దే పెద్ద పాత్ర అనిపిస్తుంది. సైలెన్సర్లు మెరుగుపడ్డాక కటౌట్‌కు బలం పేరిట చెప్పుకొన్న సాకు కూడా బలహీనపడింది.

సాకు పోయినా కోరిక పోలేదు. మోటారు సైకిళ్లకు బిగించిన చప్పుడు సైలెన్సర్లను పోలీసులు ఊడదీయించి, రోడ్డు రోలరు కింద తొక్కించిన దృశ్యాలు విశాఖపట్నంలోనూ కనిపించాయి. ఆ చర్యలకు ఆధారమైన నియమాలలో శతాబ్దం నాటి తగాదా యథాతథంగా వినిపిస్తుంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 119వది ఒకదాని వెంట ఒకటిగా వేర్వేరు స్వరాలు పలికే హారన్లను నిషేధిస్తుంది. పక్కనే ఉన్న 120వది, పొగ వెలువడే చప్పుడును సాధ్యమైనంత తగ్గించే సైలెన్సరు ప్రతి వాహనానికీ ఉండాలంటుంది.