కొండ మకాం (పెనుకొండ–హిందూపురం–ధర్మవరం ప్రాంతం)

ఇల్లులా అమర్చుకున్న బండితో వెళ్లి, అడవి కొండల దగ్గర ఒకటి రెండు రాత్రులు బస చేయడాన్ని ఈ వ్యాసంలో కొండ మకాం అంటున్నాం. శ్రీ సత్యసాయి జిల్లాలోని ఈ మూడు పట్టణాల చుట్టూ దీని పాత రూపం జాతరలకు గూడుబండ్లు కట్టుకుని వెళ్లి దిగడం. కొత్త రూపం 44వ నంబరు జాతీయ రహదారి మీద తిరిగే క్యాంపర్ వ్యాన్లు, కారవాన్లు. ఈ రెండింటికీ ముందు ఇక్కడ రాజుల విడుదులు, సైన్యాల పాళేలు, కలెక్టర్ల డేరాలు వెలిశాయి. వీటన్నింటికీ స్థలం కుదిర్చింది చల్లగాలి, కొండ అందం అని సాధారణంగా రాస్తుంటారు. లభించే ఆధారాలు మాత్రం ఎక్కువగా నీటి వైపే చూపిస్తాయి.

నేల, అడవి, గాలి

మూడు ఊళ్లలో హిందూపురం సముద్ర మట్టానికి 600 మీటర్లకు పైన ఉంటే, ధర్మవరం 350 మీటర్ల దరిదాపుల్లో ఉంది. అందుకే ఒకే జిల్లాలో ఉన్నా వేసవి రాత్రి హిందూపురంలో కాస్త తెరిపి ఇస్తుంది, ధర్మవరంలో ఇవ్వదు. పెనుకొండ శిఖరం ఎత్తు సుమారు 3,000 అడుగులని చెబుతారు. పెన్న, జయమంగళి, చిత్రావతి నదులు ఈ ప్రాంతం గుండా పోయినా, ఏడాదిలో ఎక్కువ కాలం వాటిలో కనిపించేది ఇసుకే. వార్షిక వర్షపాతం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది, అందులో పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరు నెలలది.

అడవి అనగానే తలకోన వంటి దట్టమైన చెట్ల నీడను ఊహించుకుని వచ్చేవారు నిరాశపడతారు. ఇక్కడిది ఆకురాల్చే మెట్ట అడవి: చిరుమాను, బిల్లుడు, బలుసు, తంగేడు, గుండ్ల సందుల్లో సీతాఫలం. వానలు పడిన రెండు మూడు నెలలు కొండంతా పచ్చగా ఉంటుంది. సంక్రాంతి దాటాక ఆకు రాలి, బోద ఎండి, నిప్పురవ్వ పడితే చాలు అంటుకునే స్థితికి వస్తుంది. సీతాఫలాల కాలంలో ఎలుగుబంట్లు పండు కోసం దిగుతాయి, చిరుతలూ ఉన్నాయి. మకాం వేసేవారికి నిత్యం ఎదురయ్యేవి మాత్రం కోతులు, తేళ్లు, రాళ్ల కింద చుట్టుకుని ఉండే చిన్న పింజర. పొయ్యికి రాయి ఎత్తేటప్పుడు ముందు కర్రతో కదిపి చూడాలన్నది ఇక్కడ పిల్లలకు కూడా తెలిసిన జాగ్రత్త.

జూన్ నుంచి ఆగస్టు వరకు వీచే గాలి గురించి పర్యాటక రచనల్లో తక్కువగా కనిపిస్తుంది. ఈ గాలిని నమ్ముకునే 1990లలో రామగిరి గుట్టల మీద గాలిమరలు వెలిశాయి. గుట్ట మీద డేరా నిలవడం కష్టమయ్యే నెలలివి. వ్యానుకు పక్కన కట్టే గుడ్డ పందిరి విప్పకుండా ఉంచడమే మేలు. నవంబరు నుంచి జనవరి చివరి దాకా అన్ని విధాలా అనువైన కాలం.

రాజుల విడిది

పెనుకొండ కోట ఉత్తర ద్వారం దగ్గరి శాసనాన్ని బట్టి, మొదటి బుక్కరాయలు ఈ సీమను తన కుమారుడు వీర విరుపణ్ణ ఒడయరుకు అప్పగించాడు. 1354లో (శక సంవత్సరం 1276) కోట నిర్మాణం జరిగింది. శాసనాల్లో ఘనగిరి అన్న పేరు కూడా ఈ ఊరిదే.

విజయనగర రాజులు ఎండాకాలం గడపడానికి పెనుకొండకు వచ్చేవారని, గగనమహలు వారి వేసవి విడిది అని స్థానికంగా గట్టి నమ్మకం. దాదాపు ప్రతి పర్యాటక పుస్తకంలోనూ ఈ మాటే ఉంటుంది. రాజకుటుంబం ఇక్కడ బస చేసిందనడంలో సందేహం లేదు. అయితే చల్లదనమే కారణమన్న వాదన అంత బలంగా నిలవదు. పెనుకొండ ఊరు హంపీ కంటే నూరు, రెండు వందల మీటర్లు మాత్రమే ఎత్తు. వంద మీటర్లకు తగ్గే వేడి అర డిగ్రీ పైచిలుకు. గగనమహలు ఉన్నది శిఖరం మీద కాదు, కొండ అడుగున. ఎక్కడానికి కష్టమైన కొండ, పైన కోనేళ్లు, కింద ఊరికి ఆనుకుని భోగసముద్రం చెరువు — ఈ మూడూ ఒకచోట దొరకడమే రాజధానికి జోడు పట్టణంగా దీన్ని నిలబెట్టిందనడం ఎక్కువ సబబుగా తోస్తుంది.

1565 నాటి రాక్షసి–తంగడి యుద్ధం తర్వాత పెనుకొండ తాత్కాలిక విడిది కాస్తా రాజధాని అయింది. అప్పటి పాలకుడు తిరుమల రాయలు ఎప్పుడు తరలివచ్చాడన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. కొందరు యుద్ధం జరిగిన ఏడాదే అంటారు. 1567లో విజయనగరంలో గడిపిన వెనిస్ వర్తకుడు ఫెడరీచీ మాటల ప్రకారం, తిరుమల ముందు పాత నగరాన్నే తిరిగి నిలబెట్టాలని చూసి, ఆ ఏడాదే ఆస్థానాన్ని పెనుకొండకు మార్చాడు. ఆ కాలంలో అక్కడ ఉన్న మనిషి సాక్ష్యం కనుక దీనికే మొగ్గు చూపవచ్చు. పెనుకొండను వదిలిన తేదీపైనా ఇలాంటి వివాదమే ఉంది. రెండవ వేంకటపతి రాయలు చంద్రగిరికి మారింది 1592లో అని ఒక లెక్క, 1600 దాటాక అని మరొక లెక్క. 1598లో జెసూట్ పాద్రీలు ఆయన్ను చంద్రగిరిలోనే కలుసుకున్నారు కాబట్టి మొదటిదే నిజానికి దగ్గర.

పాళెం, నీళ్లు

కదిలే మకాముకు నీరు ఎంత పెద్ద సమస్యో చెప్పడానికి పోర్చుగీసు రచయిత నూనిజ్ రాసిన రాయచూరు దండయాత్ర (1520) వర్ణన మంచి ఆధారం. కృష్ణదేవరాయల సైన్యం నడిచే దారి పొడవునా తోలు తిత్తులతో నీళ్లు అందించేవారు 12,000 మంది ఉండేవారంటాడు. ఆయన అంకెల్లో అతిశయం ఉందని చరిత్రకారులు ఎత్తిచూపారు. నీళ్లు మోసేవారిని సైన్యంలో వేరే విభాగంగా లెక్కించాల్సి వచ్చిందన్న విషయం దానివల్ల చెడిపోదు.

1589 ప్రాంతంలో గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్‌షా పెనుకొండ కింద పాళెం దించాడు. వేంకటపతి రాయలు సంధి మాటలతో గడువు తీసుకుని, ఆ సందులో కోటలోకి తిండిగింజలు, బలగం చేర్చుకున్నాడు. వానాకాలం ముంచుకొస్తే కృష్ణ పొంగి తిరుగు దారి మూసుకుపోతుందన్న భయంతో సుల్తాను ముట్టడి ఎత్తేశాడని పర్షియన్ చరిత్రల కథనం. విజయనగరం వైపు రచనలు సేనాని జగదేవరాయల శౌర్యానికి పెద్ద పీట వేస్తాయి. రెండూ ఒకదాన్నొకటి కాదనేవి కావు.

కలెక్టర్ల డేరాలు

1800లో నిజాం ఈ సీమతో కూడిన దత్త మండలాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చాక, థామస్ మన్రో వాటికి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి 1807 వరకు ఉన్నాడు. ఆ ఏళ్లలో ఎక్కువ భాగం ఆయన డేరాల్లోనే గడిపాడు. తన కింది అసిస్టెంట్లూ అలాగే తిరగాలని పట్టుబట్టాడు. పొలం కొలత, రైతుతో నేరుగా శిస్తు ఒప్పందం కచేరీలో కూర్చుంటే తేలేవి కావని ఆయన ఉద్దేశం. జమాబందీ డేరా ఊరి మామిడితోపులోనో, చెరువు కట్ట కిందనో పడేది. నీడ, బావి, గుర్రాలకు గడ్డి ఒకచోట దొరకాలి మరి. గవర్నరు అయ్యాక ఇలాంటి పర్యటనలోనే, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో మరణించాడు. బయటి నీళ్లు తాగి తిరిగే మకాములో ఉన్న ప్రమాదానికి ఈ సీమ చరిత్రలో ఇంతకంటే పెద్ద ఉదాహరణ లేదు.

గూడుబండి

మోటారు రాకముందు కుటుంబంతో దూర ప్రయాణానికి, రాత్రి బసకు ఇక్కడి ఇల్లు గూడుబండి. వెదురు బద్దలు వంచి, పైన చాప లేదా బొంత కప్పి గూడు కట్టేవారు. బండి పీఠం మీద మందంగా వరిగడ్డి పరచి, పైన జంపఖానా వేస్తే పగలు కూర్చోవడానికి, రాత్రి పిల్లలు పడుకోవడానికి అదే చోటు. ఆ గడ్డే తిరుగు ప్రయాణానికి ఎద్దుల మేత. మకాం చేరగానే ఎద్దులను విప్పి, నొగల కింద ఊతకర్ర నిలబెట్టి, బండి ముందుకు ఒరగకుండా చక్రాలకు రాళ్లు అడ్డం పెడతారు. ఎద్దులను చక్రానికే కట్టి, ఇరుసుకు వేలాడదీసిన లాంతరును వెలిగిస్తారు. మూడు రాళ్ల పొయ్యి మీద రాగి సంగటి కెలికి, చెనిక్కాయల ఊరుబిండితో తింటారు. ఆకులు, నూనె సీసా, ఉప్పు పొట్లం పెట్టుకునే జోలె గూడు వెనక వైపు వేలాడుతుంది.

ఇలాంటి బండ్ల గుంపులు కదిరి లక్ష్మీనరసింహస్వామి రథోత్సవానికి ఫాల్గుణంలో, లేపాక్షికి శివరాత్రికి, పెనుకొండ బాబయ్య దర్గా ఉరుసుకు చేరేవి. బాబయ్యగా జనం పిలుచుకునే బాబా ఫక్రుద్దీన్ కాలాన్ని సంప్రదాయం 13వ శతాబ్దంగా చెబుతుంది. ఉరుసుకు ముస్లింలతో సమానంగా హిందువులూ వస్తారు. ఇప్పుడు ఎద్దుల బండి స్థానంలో ట్రాక్టరు ట్రాలీ, ఆటో, టెంపో వచ్చినా దిగడం, వండటం, పడుకోవడం పాత పద్ధతిలోనే సాగుతున్నాయి.

చెట్టు కింద మకాముకు ఈ జిల్లాలో పేరు మోసినది కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను. 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. విస్తీర్ణం 5 ఎకరాలకు కాస్త పైన అని కొలతలు, 8 ఎకరాలని స్థానికుల మాట. కొలిచిన లెక్కనే ఇక్కడ తీసుకుంటున్నాం. శివరాత్రికి జాతర జరుగుతుంది. సంతానం కోరి వచ్చే దంపతులకు ఇది మొక్కుబడి స్థలం. ఊడల మధ్య పొయ్యి వెలిగించడం చెట్టుకు చేటు. చెట్టుకు దూరంగా బండి నిలుపుకుని వండుకోవాలి.

నేటి బండ్లు, చట్టం

మన దేశంలో కారవాన్లుగా మార్చే బండ్లలో ఫోర్స్ ట్రావెలర్ ఎక్కువగా కనిపిస్తుంది. పెనుకొండ మండలం ఎర్రమంచిలో 2019 నుంచి కార్లు తయారు చేస్తున్న కియా కర్మాగారం నుంచి వచ్చిన కార్నివాల్ వంటి పెద్ద కార్లను కూడా సీట్లు మడిచి పడకగా వాడుకునేవారు ఉన్నారు. వాటిని కారవాన్లు అనడం సరికాదు. పడక, పొయ్యి, నీటి తొట్టి, మరుగుదొడ్డి బండిలోనే అమర్చి ఉండటం కారవాన్ లక్షణం. కేరళ 2021లో ప్రకటించిన ‘కేరవాన్’ పథకం, ఆ వెంటనే వాగమణ్ కొండల్లో తెరిచిన పార్కు దక్షిణాదిలో ఈ తరహా బసకు దారి చూపాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా 2025లో కారవాన్ పర్యాటక విధానాన్ని ప్రకటించింది.

ఈ ప్రాంతంలో బండి నిలపడానికి భద్రమైనవి హోటళ్ల ఆవరణలు, రహదారి పక్క పెద్ద ధాబాలు, గుడి సత్రాల వాకిళ్లు. లేపాక్షిలో పర్యాటక సంస్థ హరిత అతిథి గృహం ఉంది. రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా ప్రవేశించడం, నిప్పు వెలిగించడం ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం, 1967లోని 20వ సెక్షన్ కింద నేరం. కాబట్టి కొండ నీడన బస అంటే అడవి హద్దుకు ఇవతల, పట్టా భూమిలో యజమాని అనుమతితో బస అని అర్థం చేసుకోవాలి. పెనుకొండ కోట లోపల రాత్రి ఉండిపోవడానికి ప్రయత్నించకూడదు.

నీటి లెక్క

బండిలో 100 లీటర్ల తొట్టి ఉందనుకుంటే, నలుగురికి వంట, పాత్రలు, ముఖం కడుక్కోవడం వరకు పొదుపుగా రెండు రోజులు వస్తుంది. స్నానాలు మొదలుపెడితే మర్నాటికి ఉండదు. బోరు నీటితో నింపుకుందామంటే ఉమ్మడి అనంతపురం జిల్లా భూగర్భ జలాల్లో చాలా చోట్ల ఫ్లోరైడ్ ఎక్కువ. 1990ల మధ్యలో సత్యసాయి ట్రస్టు వందల ఊళ్లకు తాగునీటి పథకం చేపట్టడానికి ఈ సమస్య ఒక ముఖ్య కారణం. ఫ్లోరైడ్ కాచినంత మాత్రాన పోదన్నది ప్రయాణికులు తరచు మరిచే విషయం. తాగడానికి శుద్ధి చేసిన నీళ్ల క్యాన్లు, వాడుకకు బోరు నీళ్లు అని వేరు పెట్టుకోవాలి. పెనుకొండ దగ్గర గొల్లపల్లి జలాశయానికి హంద్రీ–నీవా కాలువ ద్వారా కృష్ణ నీరు చేరుతున్నప్పటి నుంచి ఆ చుట్టుపక్కల నీటి కరువు కొంత తగ్గింది.

వాడిన నీటిని చెరువులోకో, వంకలోకో వదలడం కంటే పెద్ద తప్పు లేదు. వంకలో నీరు లేదని అనుకుంటారు గానీ, వానాకాలంలో అది నేరుగా ఏదో ఒక ఊరి చెరువుకే చేరుతుంది. మరుగుదొడ్డి తొట్టిని పట్టణంలో ఖాళీ చేయించుకోవాలి.

హార్స్‌లీ కొండలు

నిజమైన కొండ చల్లదనం, చెట్ల నీడ కోరుకునేవారు కదిరి మీదుగా మదనపల్లె దగ్గరి హార్స్‌లీ కొండలకు వెళ్తారు. ఎత్తు 1,265 మీటర్లని సాధారణంగా ఇచ్చే అంకె, అంతకంటే ఎక్కువ చూపే లెక్కలూ ఉన్నాయి. పాత పేరు ఏనుగు మల్లమ్మ కొండ. కడప కలెక్టరు హార్స్‌లీ 1870 ప్రాంతంలో ఇక్కడ వేసవి ఇల్లు కట్టుకున్నాడు. అతని పేరు మొదటి అక్షరాలు డబ్ల్యు.డి. అని కొందరు, డబ్ల్యు.హెచ్. అని కొందరు రాశారు. అటవీ బంగళా ఆవరణలోని ‘కళ్యాణి’ అనే నీలగిరి చెట్టు 1859లో నాటినదని బోర్డు మీది మాట. ఆ తేదీ సరైనదైతే కలెక్టరు ఇంటికంటే చెట్టే ముందుది. పర్యాటక సంస్థ, అటవీ శాఖ రెండింటికీ పైన అతిథి గృహాలు ఉన్నాయి. ఘాట్ రోడ్డు మలుపులు బిగువుగా ఉంటాయి. పొడవాటి కారవాన్‌ను పగటి వెలుగులో ఎక్కించాలి, దిగేటప్పుడు బ్రేకు మీద కాక తక్కువ గేరు మీద దించాలి.