గాలపు ఈగ: ఒక చిన్న వస్తువును ఆధారంగా చదవడం

జహీరాబాద్ ప్రాంతంలో ఉండి ఈ పాఠం చదువుతున్న వారికి నారింజ వాగు, మంజీరా నది కొత్తవి కావు. గాలానికి వానపామును గుచ్చి గట్టు మీద కూర్చున్న మనిషిని మీరు చూసే ఉంటారు. ఇప్పుడు మరో రకం గాలాన్ని ఊహించండి. దానికి ఎర ఉండదు. దారం, ఉన్ని, ఈకలు చుట్టి కట్టిన పురుగు బొమ్మ మాత్రమే ఉంటుంది. శాసనాలు, దస్తావేజుల లాగే ఇంత చిన్న వస్తువు కూడా చరిత్రకు ఆధారం కాగలదా అన్నది ఇక్కడ మన ప్రశ్న.

ముందు ఆ పురుగు సంగతి. క్యాడిస్ అనే కీటకం డింభక దశను నీటి అడుగున గడుపుతుంది. చాలా జాతులు ఇసుక రేణువులతో, పుల్లలతో గూడు కట్టుకుంటాయి. తరువాతది ప్యూపా దశ. అది ముగిశాక ప్యూపా గూటిని కొరుక్కుని బయటపడి, నీటి పైభాగానికి చేరి, రెక్కల పురుగై ఎగిరిపోతుంది. పైకి వచ్చే ఆ కొద్ది సేపట్లోనే ట్రౌట్ చేపకు అది సులువుగా దొరుకుతుంది. గాలం కట్టేవారు అనుకరించేది సరిగ్గా ఆ ఘడియనే. దీన్ని వాడుకలో 'నింఫ్' అంటారు కానీ జీవశాస్త్రం ప్రకారం ఆ మాట తప్పు. క్యాడిస్‌ది సంపూర్ణ రూపవిక్రియ, దానికి నింఫ్ దశే లేదు.

కట్టే పద్ధతి చూడండి. వంపు తిరిగిన చిన్న గాలానికి సన్నని దారం చుట్టి పునాది వేస్తారు. ఆకుపచ్చ లేదా గోధుమరంగు ఉన్నిని దారానికి పురిపెట్టి, లావుగా ఒళ్లు చుడతారు. దాని మీద మెరిసే నైలాన్ పోగులను వదులుగా, ముసుగులా కడతారు. కాళ్ల కోసం మెడ దగ్గర కౌజుపిట్ట ఈకను ఒకటి రెండు చుట్లు తిప్పుతారు. తలకు నెమలి ఈక పోగులు చుట్టి ముడి వేస్తారు. మెరిసే ముసుగుకు కారణం అమెరికాకు చెందిన గ్యారీ లాఫాంటేన్. ఆయన స్వయంగా నీటిలోకి దిగి పరిశీలించి, పైకి లేచే ప్యూపా చుట్టూ గాలి మెరుపు ఉంటుందని 1981లో 'క్యాడిస్‌ఫ్లైస్' అనే పుస్తకంలో వాదించారు. ఇక పట్టేటప్పుడు ఈగను ప్రవాహానికి ఎగువన విసిరి, అడుగుకు దిగనిచ్చి, చేప ఉన్న చోటికి చేరగానే కర్రను మెల్లగా పైకెత్తాలి. బొమ్మ పురుగు లేచినట్టు కనిపిస్తుంది.

ఇక నెమలి ఈక దగ్గర ఆగుదాం. 1496లో ఇంగ్లండ్‌లో అచ్చయిన గాలపు వేట గ్రంథంలోనే నెమలి ఈక వాడమని ఉంది. నెమలి మన ఉపఖండపు పక్షే. అంత మాత్రాన ఆ ఈక మన రేవుల నుంచే వెళ్లిందని రాయకండి, అప్పటికే ఐరోపాలో నెమళ్లను పెంచేవారు. ఆధారం చెప్పినంత వరకే మనం చెప్పాలి. 19వ శతాబ్దపు సాల్మన్ ఈగలకు వాడిన అడవికోడి మెడ ఈకల సంగతి వేరు. ఆ పక్షి భారతదేశంలోనే, ముఖ్యంగా ద్వీపకల్పపు అడవుల్లో బతుకుతుంది. అడవి పక్షుల ఈకల ఎగుమతిని బ్రిటిష్ ప్రభుత్వం 1902లో నిషేధించింది.

ఈకలు అటు వెళ్తే, చేపను ఇటు తెచ్చే ప్రయత్నం జరిగింది. మద్రాసు ప్రెసిడెన్సీలోని నీలగిరి కొండల్లో ట్రౌట్‌ను పెంచాలని 1860ల్లో ఫ్రాన్సిస్ డే ప్రయత్నించి విఫలమయ్యారు. 1907లో హెచ్.సి. విల్సన్ అవలాంచి దగ్గర హేచరీ నెలకొల్పిన తరువాతే ఆ చేప స్థిరపడింది. విచిత్రమేమంటే, నీలగిరుల్లో వేట జంతువులను, బయటి నుంచి తెచ్చి అలవాటు చేసిన చేపలను కాపాడే చట్టం 1879లోనే వచ్చింది. ట్రౌట్ నిలదొక్కుకోవడానికి దాదాపు మూడు దశాబ్దాల ముందే దాని రక్షణకు చట్టం సిద్ధమైందన్నమాట. తోడాలు, కోటాలు, బడగలు తరతరాలుగా నివసిస్తున్న కొండలవి. ఆ చట్టం ఎవరి వినోదాన్ని ఎవరి నుంచి కాపాడింది? నా దృష్టిలో ఈ పాఠంలో అసలు ప్రశ్న అదే.

జహీరాబాద్‌కు ట్రౌట్ రాలేదు. చల్లని నీరు ఉంటేనే బతికే చేప అది, మన వేసవిని తట్టుకోలేదు. పైగా ఈ ప్రాంతం 1956 వరకు బీదర్ జిల్లాలో, అంతకుముందు నిజాం పాలనలో ఉంది కనుక మద్రాసు చట్టం ఇక్కడికి వర్తించలేదు. అయితే గాలపు వేట సరదా కొండలకే పరిమితం కాలేదు. మద్రాసు ప్రభుత్వ అధికారి హెచ్.ఎస్. థామస్ 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా', 1887లో చెరువుల్లో గాలం వేయడం గురించి 'ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా' రాశారు.

అభ్యాసం: మీ ఊరి చెరువులో చేపలు పట్టే హక్కు ఎవరి చేతుల్లో ఉండేది, అది ఎప్పుడు, ఎలా మారింది? ఊరి పెద్దలను, మత్స్యకారులను అడిగి ఒక పుటలో రాయండి. వారు వాడిన గాలం లేదా వల ఏదైనా మిగిలి ఉంటే, దాన్ని దేనితో, ఎలా చేశారో కూడా వర్ణించండి.