హెచ్‌డీ క్యామ్‌కార్డర్ వీడియోను మంచి డిస్క్‌గా మార్చుకోవడం ఎలా?

నిఖా, వలీమా రోజున హెచ్‌డీ క్యామ్‌కార్డర్‌తో తీసిన వీడియో కెమెరా తెరపై అద్దంలా కనిపిస్తుంది. అదే డీవీడీ చేసి టీవీలో పెడితే ముఖాలు మసకబారతాయి, ఎవరైనా కదిలితే అంచులు దువ్వెన పళ్లలా చీలిపోతాయి. చాలాసార్లు తప్పు కెమెరాది కాదు, మార్చిన పద్ధతిది. వధూవరులు ఖుబూల్ చెప్పిన క్షణం, ఇప్పుడు లేని దాదీ దువా చేసిన గొంతు మళ్లీ తీయగలిగేవి కావు. పైగా జనానా వైపు తీసిన వీడియోను ఇంటర్నెట్‌లో పెట్టడం చాలా కుటుంబాలకు ఇష్టం ఉండదు. అలాంటివారికి ఇంట్లోనే ఉండే డిస్క్ ఇప్పటికీ మంచి దారి.

ముందు ఒరిజినల్ భద్రం

డిస్క్ అనేది చూసుకోవడానికి చేసుకునే కాపీ మాత్రమే. అసలు ఆస్తి కెమెరాలోని ఒరిజినల్. దాన్ని కంప్యూటర్‌లోకి, ఇంకో హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేశాకే మెమరీ కార్డు ఖాళీ చేయాలి.

సోనీ, పానాసోనిక్ కలిసి 2006లో తెచ్చిన ఏవీసీహెచ్‌డీ పద్ధతిలో వీడియో ఎంటీఎస్ ఫైళ్లుగా ఉంటుంది. రికార్డింగ్ పొడవైతే కెమెరా దాన్ని ముక్కలు చేసి దాస్తుంది. ముక్కలను విడివిడిగా లాగితే అతుకు దగ్గర మాట తెగవచ్చు. అందుకే ఫోల్డర్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు కాపీ చేసి, కెమెరాతో వచ్చిన సాఫ్ట్‌వేర్‌తో కలపడం మేలు.

హెచ్‌డీవీ కెమెరాలు చిన్న మినీడీవీ టేపుపై రికార్డు చేస్తాయి. వీటికి ఫైర్‌వైర్ కేబుల్ కావాలి. గంట టేపు ఎక్కడానికి గంట పడుతుంది. పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల కేబుల్‌తో ఎక్కిస్తే హెచ్‌డీ పోయి మామూలు వీడియోనే వస్తుంది.

ఏ డిస్క్ ఎంచుకోవాలి?

ఇంట్లో ఏ ప్లేయర్ ఉందో చూసి నిర్ణయించాలి.

డీవీడీ: దాదాపు ప్రతి ప్లేయర్‌లో ఆడుతుంది. కానీ హెచ్‌డీ ఉండదు. 1920×1080 బొమ్మ 720×576కు తగ్గుతుంది. సామర్థ్యం 4.7 జీబీ, కంప్యూటర్ దాన్ని సుమారు 4.38గా చూపిస్తుంది.

బ్లూ-రే: పూర్తి హెచ్‌డీ. ఒక పొర డిస్క్ 25 జీబీ, రెండు పొరలది 50 జీబీ. 24 ఎంబీపీఎస్‌తో తీసిన వీడియో 25 జీబీలో 2 గంటలకు పైగా పడుతుంది. దీనికి బ్లూ-రే రైటర్, బ్లూ-రే ప్లేయర్ రెండూ ఉండాలి.

ఏవీసీహెచ్‌డీ డిస్క్: మామూలు ఖాళీ డీవీడీపైనే హెచ్‌డీ రాయడం. 17 ఎంబీపీఎస్ వీడియో సుమారు 35 నిమిషాలు పడుతుంది. చాలా బ్లూ-రే ప్లేయర్లలో ఆడుతుంది కానీ మామూలు డీవీడీ ప్లేయర్‌లో ఆడదు.

డీవీడీ మసకబారకుండా

మొదటిది, నిడివి. వీడియోకు 8 ఎంబీపీఎస్ ఇస్తే ఒక డిస్క్‌లో 70 నిమిషాల వరకు బాగా వస్తుంది. 2 గంటలకు 5 ఎంబీపీఎస్ లోపే మిగులుతుంది. 3 గంటలు ఇరికిస్తే జరీ పనులు, సేహ్రా పూలు గళ్లుగళ్లుగా కనిపిస్తాయి. నిఖా ఒక డిస్క్, వలీమా ఒక డిస్క్ చేయడం ఉత్తమం.

రెండోది, ఇంటర్లేస్. 1080ఐ వీడియోలో సరి గీతలు, బేసి గీతలు వేర్వేరు క్షణాల్లో రికార్డవుతాయి. వాటిని విడదీయకుండా నేరుగా సైజు తగ్గిస్తే రెండు క్షణాలు కలిసిపోతాయి. దువ్వెన పళ్లు వచ్చేది అందువల్లే. ముందు డీఇంటర్లేస్ చేసి సెకనుకు 50 ఫ్రేములుగా మార్చి, తర్వాత సైజు తగ్గించి, మళ్లీ ఇంటర్లేస్ చేయాలి. మంచి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఈ పని తనే చేస్తుంది. ఫీల్డ్ ఆర్డర్ 'అప్పర్ ఫస్ట్' అని ఉందో లేదో చూసుకోవాలి.

మెనూ, చాప్టర్లకు డీవీడీస్టైలర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. ఖుత్బా, ఖుబూల్, రుఖ్సతీ దగ్గర చాప్టర్లు పెడితే పెద్దవాళ్లకు వెతుక్కోవడం తేలిక. హ్యాండ్‌బ్రేక్ ఫైళ్లనే తయారు చేస్తుంది, డీవీడీ చేయదు.

బ్లూ-రే చేసేవారికి

ఏవీసీహెచ్‌డీ వీడియోను టీఎస్‌మక్సర్‌తో మళ్లీ కంప్రెస్ చేయకుండానే బ్లూ-రే రూపంలో పెట్టవచ్చు. నాణ్యత ఏమాత్రం తగ్గదు. ఒక జాగ్రత్త: సెకనుకు 50 పూర్తి ఫ్రేములతో తీసిన 1080పీ వీడియో మొదటి బ్లూ-రే ప్రమాణంలో లేదు. దాన్ని 1080ఐకి మార్చాల్సిందే.

బయటి దేశాల్లో ఉన్న బంధువులకు

మన దగ్గర డీవీడీలు పాల్ పద్ధతిలో చేస్తారు. దుబాయ్, కువైట్, ఖతర్‌లో కూడా అదే. అమెరికాలోది ఎన్‌టీఎస్‌సీ, అక్కడి ప్లేయర్లు చాలావరకు పాల్ డిస్క్ ఆడించవు. అక్కడున్న అన్నకో బాజీకో పంపేటప్పుడు కంప్యూటర్‌లో పెట్టి చూడమని ముందే చెప్పాలి. కంప్యూటర్ రెండూ ఆడిస్తుంది.

రైట్ చేయడం, దాచడం

పేరున్న కంపెనీ డిస్క్ కొని, గరిష్ఠ వేగంతో కాకుండా 4ఎక్స్ లేదా 8ఎక్స్‌తో రైట్ చేసి, 'వెరిఫై' చేయాలి. పది కాపీలు తీసే ముందు ఒకటి తీసి ఇంట్లోని ప్లేయర్‌లో చివరిదాకా చూడాలి. డిస్క్‌కు కాగితం స్టిక్కర్ అతికించకూడదు. నీటి ఇంకు మార్కర్‌తో పైవైపు రాయాలి. ఎండ, తేమ తగలనివ్వకూడదు.

పని స్టూడియోకు ఇస్తే మూడు సంగతులు ముందే ఖరారు చేసుకోవాలి: ఒరిజినల్ ఫైళ్లు తిరిగి ఇస్తారా, ఒక్కో డిస్క్‌లో ఎన్ని నిమిషాలు పెడతారు, పని అయ్యాక తమ కంప్యూటర్‌లోంచి జనానా వీడియో తీసేస్తారా? ఆ మూడో మాట కుదరకపోతే పని ఇంట్లోనే చేసుకోవడం మంచిది.

కొన్నేళ్లకు డిస్క్ గీతలు పడవచ్చు, ప్లేయరే దొరకకపోవచ్చు. హార్డ్‌డిస్క్‌లో ఒరిజినల్ ఉంటే ఎప్పుడైనా కొత్త కాపీ తీసుకోవచ్చు. ఆ హార్డ్‌డిస్క్‌ను ఏడాదికోసారి పెట్టి చూసి, పాతబడితే ఫైళ్లను కొత్తదానిలోకి మార్చుకోవాలి.